పునీతుని కంటి సున్నం

తలపిన్నుతో గోడను గీకడం కష్టం కాదు. గీకినది నేలరాలకుండా పట్టుకోవడమే కష్టమని ముంతహాకు పోయిన వారమే తెలిసివచ్చింది. పాతసున్నం పిండిలా రాలదు. ఒకసారి గోరంత పెచ్చుగా ఊడుతుంది. ఒకసారి ఊపిరి తగిలితే చాలు, ఎగిరిపోతుంది. అందుకని ఈ బుధవారం ఉదయం ఆమె ఊపిరి బిగబట్టి, ఎడమచేతి కాగితాన్ని పునీతుని చెక్కిలికి ఆనించి, కుడిచేతి పిన్నును కనుపాప నడుమ నిలిపి, ఉడికిన గుడ్డుకు పెంకు కింది పొర వలిచినంత మెల్లగా గీకింది. ముందు నలుపు వచ్చింది. దాని కింద కావిరంగు. ఆ కింద, ఏడువందల ఏళ్ళుగా వెలుతురెరుగని తెల్లటి సున్నం.

"తప్పు కాయి తండ్రీ," అంది పెదవులు కదలకుండా. "నీకు పరలోకంలో వేరే కళ్ళున్నాయి. మా బావకు లేవు."

ఆ పునీతుని పేరు మార్ నుహ్రా. ఎర్రని ఉత్తరీయం కప్పుకొని, కుడిచేతి రెండు వేళ్ళు ఆశీర్వచనంగా ఎత్తి, గోడమీద అలాగే నిలుచున్నాడు. ఎడమకన్ను ఉండవలసిన చోట బొటనవేలి గోరంత గుంట ఉంది. అది పోయిన వారం పని. ఇప్పుడు కుడికన్నూ అలాగే అయింది.

కంటిజబ్బులకు ఆ పునీతుడే దిక్కని ఆ కొండమీది ఊరు కఫర్ సిద్రాలో పాలుతాగే పిల్లకైనా తెలుసు. ఆయన బొమ్మ కంటిపొడిని నీళ్ళలో రంగరించి వేస్తే పోయిన చూపు వస్తుందని ముంతహా అమ్మమ్మ చెబుతూ ఉండేది. చెప్పడమే గాని చేసి చూసినవాళ్ళు లేరు. ఏనాటివాళ్ళో చర్చి గోడలన్నిటికీ వెల్లవేసి పునీతులను కప్పెట్టేశారు. ఏటేటా క్రీస్తు తిరిగి లేచిన పాస్కా పండుగకు దానిమీద మరో పూత పడుతూ వచ్చింది. రెండేళ్ళ కిందట రాజధాని నుంచి బొమ్మల పండితుడొకడు వచ్చి, చిన్నకత్తితో పూత వెనుక పూత ఒలిచి మార్ నుహ్రాను బయటికి తీశాడు. సరిగ్గా ఆ ఏడే ముంతహా భర్త తన్నూస్ కళ్ళు ఆరిపోయాయి. నలభై ఏళ్ళు తెల్లగోడకు దండం పెట్టి ఆ చర్చికి తాళం వేసినవాడు, గోడలోంచి దేవుని మనిషి బయటపడేసరికి చూసే భాగ్యం లేనివాడయ్యాడు. కంటినరం ఎండిపోయిందని పట్నం డాక్టరు చెప్పేశాడు. చచ్చేలోగా ఒక్కసారి ఆ ముఖం చూస్తే చాలునని తన్నూస్ అనని పొద్దు లేదు.

ముంతహా కాగితాన్ని మడిచి రొమ్మున దోపుకొంది. గోడ బాగుచేసే మేస్త్రీ ఇంకా పనికి రాలేదు. అతను ఎక్కి నిలబడే చెక్కపలకమీద నుంచి దిగి, దుమ్ము పడకుండా పండితుడు వేలాడదీసి వెళ్ళిన దుప్పటిని పునీతుని మీద తిరిగి సర్దింది. తలుపు మూసి, జానెడు పొడవున్న ఇనుప తాళంచెవిని రెండుసార్లు తిప్పి, నడుముకు కట్టుకొంది.

తన్నూస్ ఇంటిముందు రాతి అరుగుమీద ఎండకు ముఖమిచ్చి కూర్చున్నాడు.

"తాళం వేశావా?"

"వేశాను బావా."

"రెండుసార్లు తిప్పావా?"

"రోజూ తిప్పుతున్నదాన్ని, ఇవాళ కొత్తగా మరిచిపోతానా?"

"రోజూ తిప్పింది నేను. నువ్వు తిప్పుతున్నది రెండేళ్ళే," అన్నాడు. "ఎలా ఉన్నాడు ఆయన?"

"బాగున్నాడు."

"బాగున్నాడంటే? ఆయనేమన్నా మన మేనమామా, కుశలం చెబుతున్నావు? ముఖం ఎలా ఉందని అడుగుతున్నాను."

ఆమె లోపలికి వెళ్ళి కాఫీ గిన్నెలో నీళ్ళు పోసి, కాగితం దులిపి, చెంచాతో కలుపుతూ అక్కణ్ణుంచే చెప్పింది. పొడుగు ముఖం. సన్నని గడ్డం. ముక్కు నీ ముక్కులాగే, కొంచెం వంకర. కళ్ళ ప్రస్తావన తేలేదు. తిరిగివచ్చి అతని తల వెనక్కు వాల్చి, రెప్పలు వేళ్ళతో విడదీసి, ఒక్కొక్క కంట్లో మూడేసి చుక్కలు వేసింది. తన్నూస్ అరుగు అంచును గట్టిగా పట్టుకొన్నాడు.

"ఏం నీళ్ళే ఇవి? గరగరలాడుతున్నాయి."

"మఠంవాళ్ళ పన్నీరు. అడుగున మడ్డి ఉంటుంది. పోయినవారం ఇదేగా పనిచేసిందన్నావు."

"అన్నాను." చెంపల మీదికి జారిన నీళ్ళు తుడుచుకొన్నాడు. "అన్నాను మరి. తలుపు సందులోంచి వచ్చేపాటి వెలుతురు."

"ఎటువైపు?"

"ఎడమవైపు."

ఎడమకన్ను పొడికి ఎడమవైపు వెలుతురు. ముంతహా మనస్సులో దేవునికి దండం పెట్టుకొంది. 

*

గురువారం పొద్దెక్కాక చర్చి లోపల మేస్త్రీ దర్వీష్ గోడను తట్టి వింటున్నాడు. పుచ్చకాయ పండిందో లేదో చూసేవాడిలా వేలికణుపుతో కొట్టి, చెవి ఆనించి, 'బోలు' అని తనలో తాను అనుకొని, బొగ్గుతో చిన్న గీత పెట్టేవాడు. గోడను విడిచిపెట్టిన పూత వెనక్కు సున్నపుతేటను పిచికారీతో ఎక్కించి, పట్టు దొరికేదాకా అరచేత్తో అదిమిపట్టి నిలబడడం అతని పని. ఒక్కొక్కచోట అరగంట కదలడానికి ఉండేది కాదు. "గోడకు జ్వరం చూస్తున్నాను పెద్దమ్మా," అనేవాడు నవ్వుతూ. నలభై ఏళ్ళవాడు. కొండ కిందున్న ముస్లిముల ఊరు అతనిది. ఆ చుట్టుపక్కల అంత చేయితిరిగిన సున్నపుమేస్త్రీ లేడని పండితుడే వెతికి తెచ్చి, పాస్కా దాకా చేయవలసిన పని అప్పజెప్పి, తాను రాజధానికి వెళ్ళాడు.

ముంతహా నేల ఊడుస్తోంది. ఊరి గురువు అబూనా మన్సూర్ మరునాటి సిలువమార్గం ప్రార్థనకు దీపం ఎక్కడ పెట్టించాలో చూద్దామని వచ్చి, పునీతుని మీది దుప్పటి తొలగించాడు. తొలగించిన దుప్పటి చేతిలోనే ఉండిపోయింది.

"ముంతహా," అన్నాడు. "ఎవరు చేశారమ్మా ఇది?"

చెప్పవలసిన మాట ఆమె నాలుకదాకా వచ్చింది. అంతలో వెనకనుంచి, "ఏమైంది అబూనా?" అంటూ దర్వీష్ వచ్చి నిలబడ్డాడు. మోచేతులదాకా సున్నం. అబూనా చూపు ముంతహా మీది నుంచి ఆ తెల్లని చేతుల మీదికి పోయింది. ఆయన చూపు పోవడానికి పట్టినంతసేపైనా పట్టలేదు, ఊరు ఊరంతా అటే పోయింది.

మధ్యాహ్నానికి చర్చి ముంగిట జనం. ఊరిపెద్ద షల్లీటా మెట్టుమీద నిలబడి విచారణ మొదలుపెట్టాడు. "తలుపుకు తాళం ఉంది. తాళంచెవి ముంతహా పిన్ని నడుముకు ఉంది. లోపల ఒంటరిగా పనిచేసేది నువ్వు ఒక్కడివి. ఇంక నువ్వు చెప్పేదేముంది?"

"ఒక్కణ్ణే ఎట్లా అయ్యాను పెద్దయ్యా? పెద్దమ్మ వచ్చి ఊడ్చదా? అబూనా వచ్చి పూజ చెప్పడా?"

"విన్నారా," అంది పొరుగింటి రహీల్. "ముంతహా పొడిచిందట. లేకపోతే అబూనా పొడిచాడట."

జనం నవ్వారు. నవ్వులో కోపం తగ్గకపోగా పదునెక్కింది. "మా నాన్నమ్మ ఎప్పుడో చెప్పింది," అని రహీల్ అందుకొంది, "బొమ్మలకు కళ్ళుంటే వీళ్ళకు నిద్రపట్టదని. ఎలుకను తెచ్చి గాదెలో పెట్టుకొన్నాక గింజలు పోయాయని ఏడిస్తే ఏం లాభం?"

దర్వీష్ ఆమె వంక చూడనైనా లేదు. "నేను పొడిచేవాణ్ణయితే, మూడు నెలలుగా దుప్పటి అంచు ఎత్తి ఆయన పాదాలు ఊడిపోకుండా అరచేత్తో పట్టుకొని ఎందుకు నిలబడతాను పెద్దయ్యా? వదిలేస్తే ఆయనే రాలిపోయేవాడు గదా."

ఆ మాటకు ఒకరిద్దరు తలలు దించారు. దించిన తలలు మళ్ళీ ఎత్తించినవాడు తన్నూస్. గోడ పట్టుకొని, కర్రతో రాళ్ళు తడుముకొంటూ వచ్చాడు. ఎవరిదో భుజంమీద చేయి వేసి లోపలికి వెళ్ళి, పలక ఎక్కించమని, తన చేతిని పునీతుని ముఖం మీద పెట్టమన్నాడు. వేళ్ళు నుదుటి మీదుగా దిగి, ఒక గుంటలో ఆగాయి. తరువాత రెండోదానిలో ఆగాయి. ఆ వేళ్ళకింది సున్నం ఏ పన్నీరైందో ఎరిగినది ఆ గుంపులో ఒక్కతే. ఆమె చీపురు పట్టుకొని స్తంభం చాటున నిలుచుంది.

"నేను చూడని కళ్ళు," అన్నాడు తన్నూస్. "చూస్తాననుకొన్న కళ్ళు. వీణ్ణి వదలకండి. పోలీసులకు అప్పగించండి. వాడు కారాగారంలో కూర్చొని చీకటి ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలి."

అది ఊరి తీర్పు అయింది. షల్లీటా మేస్త్రీ సంచీని తన ఇంటికి పంపాడు. శనివారం పట్నం నుంచి హవల్దారు వచ్చేదాకా దర్వీష్‌ను ఆలివ్ గానుగ కొట్టంలో ఉంచి, బయట ఇద్దరిని కూర్చోబెట్టారు. పనివాళ్ళకు అన్నం పెట్టే బాధ్యత మొదటినుంచీ తాళంచెవి ఉన్న ఇంటిదే గనుక, అతనికి తిండి తీసుకుపోవడం మాత్రం మానవద్దని ముంతహాతో చెప్పారు. ఆచారం తప్పకూడదు గదా.

*

మసూరు పప్పూ బియ్యం కలిపి వండి, వేయించిన ఉల్లిపాయలు పైన పరిచి, రెండు రొట్టెలు చుట్టి ఆమె శుక్రవారం ఉదయం గానుగ కొట్టానికి వెళ్ళింది. కొట్టంలో పాతనూనె వాసన. గానుగరాయికి వీపు ఆనించి దర్వీష్ నేలమీద కూర్చున్నాడు. సున్నం కడుక్కోవడానికి నీళ్ళు ఇవ్వలేదేమో, చేతుల చర్మం పగిలి ఎర్రబడింది.

"ఉల్లిపాయలు ఎక్కువ వేశావు పెద్దమ్మా. దొంగకు ఇంత మర్యాద చేస్తే నీ పేరూ రాసుకొంటారు."

"తిను నాయనా."

రొట్టెతో ముద్ద తీసుకొని తిన్నాడు. తింటున్నంతసేపూ ఆమె అతని చేతులను చూస్తూ కూర్చుంది. కొంగు తడిపి ఇస్తే తుడుచుకొంటూ అన్నాడు. "నాకు ఒకటే తోస్తుంది. అది కోపంతో పొడిచిన పని కాదు. పగవాడు ఉలి పెట్టి ఒక్కపోటు పొడుస్తాడు. ముఖమంతా నెర్రెలు పారుతుంది. ఆ గుంటల అంచు చూశాను. వడ్డాణానికి రాయి పొదిగేవాడు కూడా అంత జాగ్రత్తగా తీయడు. పక్కన ఒక్క గీత లేదు."

"అయితే?"

"అయితే ఏమీ లేదు. ఎవరో ఆయనంటే భయమూ భక్తీ ఉన్నవాళ్ళు." ఖాళీ గిన్నె ఆమె చేతికిచ్చాడు. చూపు గిన్నెమీదే ఉంచాడు. "ఈ మాట నేను చెబితే నమ్మేవాడెవడు? మీ ఊళ్ళో ఒక కంట వెన్న, ఒక కంట సున్నం. నా వంతుకు వచ్చింది సున్నం. వృత్తే అది గదా."

"ఇంట్లో ఎవరున్నారు నాయనా?"

"భార్య, ముగ్గురు ఆడపిల్లలు. పోలీసుల కేసు అయితే ఇంక ఏ మసీదూ ఏ చర్చీ నన్ను గోడ ముట్టనివ్వదు. గోడ ముట్టకుండా నాకు వేరే పని రాదు. చిన్నప్పటినుంచీ ఇదే." లేచి తలుపుదాకా వచ్చాడు. బయటి కాపలావాళ్ళు చూసేసరికి అక్కడే ఆగాడు. "రేపు ఇంత ఉల్లిపాయ వద్దులే పెద్దమ్మా. దాహమేస్తోంది."

ముంతహా నేరుగా ఇంటికి వెళ్ళలేకపోయింది. ఇంట్లో తన్నూస్ ఉన్నాడు. నిజం చెబితే, నలభై ఏళ్ళు కాపాడినవాడి కంట్లోకే దొంగసొత్తు పోసినట్టు చెప్పాలి. ఆ తలుపు సందు వెలుతురు ఆయనకు మిగిలిన ఒకే ఆశ. అది ఏ గోడలోంచి వచ్చిందో తెలిస్తే ఆయన దాన్ని కూడా ఉమ్మేస్తాడు. చెప్పకపోతే ఒక మనిషి బతుకు పోతుంది. ఇరుకు దారిలో ఎదురైన రెండు గాడిదలకు దారి ఉండదు. ఒకటి పడుకొంటే రెండోది దాటుతుంది. తనకు పడుకొనే చోటు కూడా కనబడలేదు. నడిచి నడిచి ఆమెకు ఒక ఉపాయం తోచింది. అబూనాతో చెబితే చాలు. దేవుని ముందు చెప్పినట్టూ ఉంటుంది. అబూనా ఊరిపెద్దకు చెప్పి మేస్త్రీని విడిపిస్తాడు. ఎవరు చేశారన్నది తన్నూస్ చెవిన పడకుండా ఆయనే ఏదో ఒకటి సర్దుతాడు.

సాయంత్రం సిలువమార్గం ముగిసి జనం వెళ్ళిపోయాక, అబూనా మన్సూర్ ఎప్పటిలా బలిపీఠం పక్క కుర్చీలో కూర్చొని మెడలో పట్టీ వేసుకొన్నాడు. చేసిన పాపాలు గురువుకు చెప్పుకొని పాపసంకీర్తనం చేసుకొనే నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒకరి తరువాత ఒకరు వెళ్ళి మోకరించి లేచారు. చివరగా ముంతహా మోకరించింది. చెప్పేసింది. పిన్ను సంగతి, కాగితం సంగతి, రెండు బుధవారాల సంగతి, గరగరల సంగతి. చెప్పుతున్నకొద్దీ రొమ్ముమీది బండ దిగుతున్నట్టే ఉంది. తల ఎత్తితే అబూనా కళ్ళు మూసుకొని ఉన్నాడు.

"ఎందుకమ్మా ఇక్కడ చెప్పావు?" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ చెబితే, గిన్నె కింద పెట్టకుండానే షల్లీటా దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. ఈ కుర్చీలో విన్నది నేను బయట అనకూడదు. అనడమే కాదు, విన్నట్టు నడుచుకోనూ కూడదు."

"నేనే అనమంటున్నాను గదా అబూనా."

"నువ్వన్నా అనను. నలభై ఏళ్ళలో ఒక్కసారి ఈ నోరు ఆ పని చేస్తే, రేపటినుంచి ఎవరు వచ్చి ఇక్కడ మోకరిస్తారు?" ఆయన గొంతు తగ్గించాడు. "నిన్న ఆ మనిషికి సలాం చెప్పలేదు నేను. ఇవాళ పోయి చెబితే, 'అబూనాకు ఏదో తెలిసింది, ఇందాక ముంతహా మోకరించింది' అనుకోరా? సలాం కూడా చెప్పే వీలు లేకుండా చేశావు. నిర్దోషి అని తెలిసీ రేపు అతని ఎదుట రాయిలా నిలబడాలి నేను."

"అయితే మీ ఇంటికొచ్చి మళ్ళీ చెబుతాను."

"మా ఇంటిదాకా నడిచే కాళ్ళు గానుగకొట్టందాకా ఎందుకు నడవవు? నాకు మళ్ళీ చెబుతావు, నేను నీ పేరు లేకుండా ఊరికి చెప్పాలంటావు. పేరు లేని మాటను ఊరు నమ్ముతుందా?" పాపక్షమాపణ మంత్రం చెప్పడానికి చేయి ఎత్తబోయి దించుకొన్నాడు. "చెడగొట్టినదాన్ని బాగుచేసుకొని రా. అప్పుడు మంత్రం చెబుతాను. తాళం వేసింది నా నోటికి. చెవి నీ దగ్గరే ఉంది."

ఆమె లేచింది. మోకాళ్ళకు పట్టిన దుమ్ము దులుపుకోవడం కూడా తోచలేదు. లోపలికి వచ్చినప్పుడు దారి సన్నగా ఉందనుకొంది. ఇప్పుడు దారే లేదు.

*

శనివారం పదిగంటలకు హవల్దారు వచ్చాడు. లావుపాటి మనిషి, కొండ ఎక్కి ఆయాసపడుతున్నాడు. చర్చి ముంగిట కుర్చీ వేయించుకొని, కాఫీ తాగి, పుస్తకం మోకాలిమీద తెరిచాడు. దర్వీష్‌ను తెచ్చి చర్చి తలుపు దగ్గర నిలబెట్టారు. షల్లీటా తెప్పించిన మేస్త్రీ సంచీ దూరంగా మల్బరీ చెట్టు మొదట్లో పడి ఉంది. ఊరు గోడలమీద, మెట్లమీద, చెట్టు కింద సర్దుకొంది. ఎదురుగా బల్లమీద తన్నూస్, పక్కన ముంతహా. అబూనా మన్సూర్ అందరికీ వెనుకగా నిలబడ్డాడు.

షల్లీటా ఉన్నదంతా చెప్పాడు. లేనిది కూడా కొంత చెప్పాడు. "ఏమంటావయ్యా?" అని హవల్దారు మేస్త్రీని అడిగాడు.

"చేయలేదంటాను."

"అందరూ అదే అంటారు. పేరు?"

దర్వీష్ తన పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. హవల్దారు ఒక్కొక్క అక్షరమే రాసుకొన్నాడు. ఆ పేరు కాగితం మీద పూర్తికావడం చూస్తూ ముంతహా లేచి నిలబడింది.

"అది కొట్టెయ్యి నాయనా. కళ్ళు తీసింది నేను."

ఎవరూ నవ్వలేదు. కాని అందరి ముఖాల్లోనూ ఒక రకమైన జాలి కదిలింది. ఆ జాలి ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

"కూర్చో పిన్నీ," అన్నాడు షల్లీటా. "నీది ఎంత మెత్తని గుండెయో మాకు తెలియదా? పిల్లికూనను నీళ్ళలో పారేస్తే మూడు రోజులు అన్నం తినని మనిషివి."

"రెండు రోజులుగా వాడికి అన్నం మోస్తోంది," అన్నాడు తన్నూస్, హవల్దారు ఉన్న దిక్కుకు ముఖం తిప్పి. "ఆడవాళ్ళు ఎవరికి అన్నం పెడితే వాళ్ళ పక్షం. ఆవిడ మాట రాసుకోకు."

"నేను తీశాను బావా."

"ఊరుకోవే. పదిమందిలో."

"అబూనా," అని రహీల్ గొంతు సాగదీసింది. "మీరన్నా చెప్పండి ఆమెకు. దొంగసాక్ష్యం పాపమని."

అందరూ వెనక్కు తిరిగారు. అబూనా మన్సూర్ తన చెప్పుల వంక చూసుకొంటున్నాడు.  ఔననలేదు, కాదనలేదు. ముంతహా ఆయనను చూసి చూపు తిప్పుకొంది. అటువైపు తాళం తనే వేసింది.

ఆమె తన్నూస్ ఎదుటికి వచ్చి, బల్ల ముందు నేలమీద కూర్చొని, అతని మోకాళ్ళమీద చేతులు పెట్టింది. ఊరికి చెప్పడం మానేసి అతనికే చెప్పింది.

"పోయిన వారం వేసిన నీళ్ళు గరగరలాడలేదా బావా? మొన్న వేసినవి గరగరలాడలేదా? మడ్డి అన్నాను. మడ్డి కాదు. నేను ఏ మఠానికీ పోలేదు. తలపిన్నుతో ఆయన కన్ను గీకి కాగితంలో పట్టి తెచ్చాను. మా అమ్మమ్మ చెప్పిన మందు. నీ కంట్లో వేశాను."

తన్నూస్ చేయి మెల్లగా పైకి లేచి కంటిమీదికి వెళ్ళింది. రెప్పమీద వేలు ఆగింది. మొన్న గురువారం పునీతుని ముఖం మీద ఆగినట్టే ఆగింది.

"ఒక్క కన్నుతో మానేద్దామనుకొన్నాను," అంది. "వెలుతురు కనబడిందన్నావు. తలుపు సందులోంచి వచ్చేపాటి అన్నావు, ఎడమవైపు అన్నావు. ఆ మాట అనకపోతే రెండో కన్ను జోలికి పోయేదాన్ని కాదు. ఇంకొక్కసారి వేస్తే నువ్వు ఆయన ముఖం చూస్తావనుకొన్నాను."

షల్లీటా ఏదో అనబోయాడు. హవల్దారు కలం ఎత్తి ఆపాడు. ఎక్కడో కింది తోటలో ఎవరో గాడిదను అదిలిస్తున్నారు. ఆ అదిలింపు మూడుసార్లు వినపడింది.

"ముంతహా," అన్నాడు తన్నూస్.

"ఆఁ బావా."

"నాకేమీ కనబడలేదు."

ఆమె తల ఎత్తింది.

"అప్పుడూ కనబడలేదు, మొన్నా కనబడలేదు. మంట పుట్టింది, అంతే. ఈ మోకాళ్ళ నొప్పులతో మఠందాకా నడిచి తెచ్చావనుకొన్నాను. ఏమీ లేదంటే నీ ముఖం ఎట్లా వాడిపోతుందో నాకు తెలుసు, దానికి కళ్ళక్కర్లేదు. అందుకని అన్నాను." ముఖం హవల్దారు దిక్కుకు తిప్పాడు.  "హవల్దారూ, ఆమె చెప్పింది నిజం. ఆ సున్నం నా కంట్లో పడింది, నాకు తెలుసు. మొదటి కన్ను ఆమె తీసింది. రెండోది నా మాటకు పోయింది. అది నా పేరున రాసుకో."

హవల్దారు కలం తిరగేసి దాని తోకతో చెవి గోక్కొన్నాడు. "ఏ నేరమని రాయను పెద్దాయనా? మొగుడికి మందు వేసిందనా? బాగైందని మొగుడన్నాడనా?" రాసిన పేరు మీద ఒక అడ్డగీత గీసి పుస్తకం మూశాడు. "ఇది మీ ఊరి సంగతి. మీరు, మీ పునీతుడు, చూసుకోండి. నేను మళ్ళీ కొండ దిగాలి."

ముంగిట ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు. ముంతహా లేచి, నడుముకున్న తాళంచెవి ముడి విప్పి షల్లీటా ముందు పెట్టింది. అతను తీసుకొన్నాడు. తీసుకొన్నాక దాన్ని ఏం చేయాలో తెలియనట్టు ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకొన్నాడు. రహీల్ ఒలికిపోయిన కాఫీ గిన్నెలు ఏరడానికి వంగింది, గిన్నెలేవీ ఒలకలేదు. అందరికంటే ముందు కదిలినవాడు అబూనా మన్సూర్. జనాన్ని తప్పించుకొంటూ వచ్చి, మేస్త్రీ ఎదుట నిలబడి సలాం చెప్పాడు. ఒక్క మాటే. కాని చెప్పినవాడికి రాత్రంతా ఊపిరాడలేదని ఆ ఒక్కమాటలో తెలిసింది.

దర్వీష్ సలాం అందుకొన్నాడు. తరువాత తలుపు దగ్గరినుంచి కదిలి మల్బరీ చెట్టు కిందికి పోయి, మోకాళ్ళమీద కూర్చొని సంచీ విప్పాడు. జల్లెడ తీసి చూశాడు. పిచికారీ తీసి చూశాడు. పెద్ద తాపీ, కుంచె, దారపుగుండు ఒక్కొక్కటే రాతిమీద పరిచాడు. తొందరపడలేదు.

"చిన్న తాపీ లేదు," అన్నాడు చెట్టు దగ్గరివాళ్ళకే వినపడేలా.

షల్లీటా ముఖం ఎర్రబడింది. కోడలిని పిలిచి చెవిలో ఏదో చెబితే ఆమె ఇంటికి పరుగెత్తింది. కోళ్ళగూటి గోడకు మెత్తడానికి నిన్ననే ఎవరో వాడినట్టున్నారు.  తాపీ వచ్చేదాకా కదలనన్నట్టు దర్వీష్ రాతిమీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు.

అప్పుడు తన్నూస్ బల్లమీద నుంచి లేచాడు. కర్ర అందుకోలేదు. చర్చి తలుపు వైపు ముఖం పెట్టి, తనకు మేస్త్రీ గొంతు చివరగా వినపడిన తావుకు ఎదురుగా రెండడుగులు వేసి ఆగాడు. అక్కడ ఎవరూ లేరు. ఉత్త మెట్లు, మూసిన తలుపు.

"అబ్బాయ్," అన్నాడు. "దర్వీష్. నేను నిన్ను చీకట్లో వేయమన్నాను. అది నా నోట వచ్చింది. ఊళ్ళో మిగతావాళ్ళు నా మాట పట్టుకొని అన్నారు. వాళ్ళది కొంచెం తప్పు, నాది పూర్తి తప్పు. నీకు నచ్చినట్టు నన్ను ఏమన్నా అను. పడతాను."

మాట మెట్లకు తగిలి అక్కడే పడిపోయింది. జవాబు కోసం ముసలాయన తల కొంచెం వంచి నిలబడ్డాడు. ముంగిట ఎంతమంది ఉన్నారో, ఒక్కరి నోటా 'నువ్వు మాట్లాడుతున్నది తలుపుతో' అన్న మాట రాలేదు. ముంతహా భుజం పట్టుకొని తిప్పుదామని అడుగు వేసింది.

చెట్టు కిందినుంచి దర్వీష్ చేయెత్తి ఆమెను ఆపాడు. పనిముట్లు రాతిమీద పరిచినవి పరిచినట్టే వదిలి లేచాడు. అడుగుల చప్పుడు కాకుండా, గుంపు వెనుకగా, గోడవారగా చుట్టూ తిరిగి వచ్చి, మెట్లకు ముందు, ఆ ముసలి ముఖానికి సరిగ్గా ఎదురుగా నిలుచున్నాడు.

"మళ్ళీ చెప్పు పెదనాన్నా," అన్నాడు. "సరిగా వినపడలేదు."